నాడీకణంలో ఏ చోట రికార్డు చేశామో సూక్ష్మదర్శినితో తేల్చుకోవడం ఎలా

ఒక డెండ్రైట్ (నాడీకణం సంకేతాలు అందుకునే కొమ్మ) మీద పిపెట్ అనే సన్నని గాజు గొట్టం ఆనించి అరగంట సేపు వోల్టేజిని నమోదు చేసిన తరువాత మీ కంప్యూటర్‌లో మిగిలేది కాలం వెంట సాగే ఒక గీత మాత్రమే. ఆ గీత కణదేహానికి 100 మైక్రాన్ల దూరంలోని చోటుదా, 400 మైక్రాన్ల దూరంలోని చోటుదా అన్నది దాన్ని ఎంత సేపు చూసినా తేలదు. అయితే మెదడు కార్టెక్స్ ఐదవ పొరలోని పిరమిడ్ ఆకారపు కణాల విషయంలో ఫలితం అంతా ఆ దూరం మీదే ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే ఆక్సాన్ (సంకేతాన్ని బయటకు పంపే పోగు) మొదట్లో పుట్టిన యాక్షన్ పొటెన్షియల్ అనే విద్యుత్ సంకేతం డెండ్రైట్ లోకి వెనక్కి పాకుతూ దూరం పెరిగే కొద్దీ ఎత్తు తగ్గి వెడల్పవుతుంది. దూరం తప్పుగా రాస్తే, ఎంత మంచి రికార్డింగ్ అయినా గ్రాఫులో తప్పు చోట పడుతుంది.

ఈ పనికి కొత్తగా వచ్చినవారు సాధారణంగా ఒక పొరపాటు పడతారు. పిపెట్‌లో రంగు పదార్థం ఉంది కనుక, తరువాత కణాన్ని రంగులో చూస్తే పిపెట్ ఎక్కడ ఉందో తెలిసిపోతుందని అనుకుంటారు. పిపెట్ మొన కింది కణపొరను తెరిచి కణం లోపలికి దారి చేసే హోల్ సెల్ పద్ధతిలో పిపెట్ నుంచి కారిన రంగు కొమ్మ కొమ్మకూ వ్యాపించి కణమంతా నిండుతుంది. కణదేహం నుంచి నింపినా, డెండ్రైట్ నుంచి నింపినా చివరకు కనిపించేది ఒకే బొమ్మ. కాబట్టి రంగు మీకు కణాన్ని చూపిస్తుంది కాని చోటును చూపించదు. చోటును కణం బతికి ఉండగానే, పిపెట్ ఇంకా దాన్ని పట్టుకుని ఉండగానే రాసి పెట్టుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి ఆ రెండు ఆధారాలను, అంటే బతికి ఉన్నప్పటి కొలతను, రంగు వేసిన తరువాతి ఆకారాన్ని, ఒకదానితో ఒకటి జత చేయడమే. ఉదాహరణగా ఎలుక సెరిబ్రల్ కార్టెక్స్ నుంచి కోసిన 300 మైక్రాన్ల మందపు స్లైస్‌ను, అందులోని ఐదవ పొర పిరమిడ్ కణాన్ని తీసుకుంటున్నాను. జంతువుల మీద చేసే పని కనుక మీ సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి ముందుగానే చేతిలో ఉండాలి.

ముందుగా సూక్ష్మదర్శినిని కొలవండి

ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్మన్‌లు 1976లో పిపెట్ మొనను కణపొరకు అతికించి కరెంటును కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతిని ప్రకటించిన నాటికి దాన్ని మెదడు స్లైస్‌లోని సన్నని డెండ్రైట్ మీద కంటితో చూస్తూ వాడడం సాధ్యం కాదు. 1993లో గ్రెగ్ స్టువర్ట్, హన్స్-ఉల్రిచ్ డాట్, సాక్మన్‌లు పరారుణ కాంతితో వీడియో కెమెరా ద్వారా చూస్తూ కణదేహాన్నీ డెండ్రైట్‌నూ పట్టుకునే తీరును వివరించారు. పరారుణ కాంతి కణజాలంలో తక్కువగా చెదురుతుంది కనుక స్లైస్ పైభాగం నుంచి కొన్ని పదుల మైక్రాన్ల లోతు వరకు కణాల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. నేటికీ మనం చేసేది దాదాపు అదే.

మీకు కావలసింది నిటారు సూక్ష్మదర్శిని, 40 లేదా 60 రెట్లు పెంచే నీటిలో ముంచే ఆబ్జెక్టివ్, పరారుణ ఫిల్టర్, రంగు లేని కణాల అంచులను తేటగా చూపే డీఐసీ లేదా డాట్ గ్రేడియంట్ అమరిక, పరారుణాన్ని అడ్డుకోని కెమెరా. సూక్ష్మదర్శిని ఒక జారుడు బల్ల మీద కదలాలి, స్లైస్ ఉన్న చాంబర్, పిపెట్‌లను సూక్ష్మంగా కదిపే మానిప్యులేటర్లు మాత్రం కదలకుండా ఉండాలి. రెండు పిపెట్‌లు, అంటే కణదేహం మీద ఒకటి, డెండ్రైట్ మీద ఒకటి, ఒకే కణాన్ని పట్టుకుని ఉండగా మీరు ఒక చోటు నుంచి మరో చోటుకు చూపు జరపవలసి వస్తుంది. అప్పుడు స్లైస్ కదిలితే పిపెట్ మొనకూ కణపొరకూ మధ్య ఉన్న బిగువైన అతుకులు (సీళ్లు) రెండూ ఊడిపోతాయి.

స్లైస్‌ను పెట్టడానికి ముందే స్టేజ్ మైక్రోమీటర్ గాజు పలకను పెట్టి, దాని మీద 10 మైక్రాన్ల గీతలను కెమెరాలో చూసి, ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లో లెక్క కట్టండి. కెమెరా కంపెనీ ఇచ్చిన పిక్సెల్ పరిమాణాన్ని ఆబ్జెక్టివ్ సంఖ్యతో భాగించి సరిపెట్టుకోవద్దు, మధ్యలో ఉండే అదనపు లెన్స్ ఆ లెక్కను తారుమారు చేస్తుంది. ఆ తరువాత జారుడు బల్ల కొలతను కూడా అదే పలక మీద సరిచూడండి. లోతు కొలతకు, పిపెట్ మొనను ఫోకస్‌లోకి తెచ్చి, మానిప్యులేటర్‌ను నిలువుగా 100 మైక్రాన్లు దించి, మళ్ళీ ఫోకస్ చేసి, ఫోకస్ నాబ్ ఎంత చూపిందో రాసుకోండి. మరలలో ఉండే వదులు వల్ల ముందుకు వెళ్ళినప్పుడు ఒక సంఖ్య, వెనక్కి వచ్చినప్పుడు మరో సంఖ్య వస్తుంది కనుక ఏ కొలతకైనా ఎప్పుడూ ఒకే దిశ నుంచి చేరుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఈ సాధనానికి ఉన్న హద్దు కూడా తెలిసి ఉండాలి. 850 నానోమీటర్ల కాంతితో, 0.8 న్యూమరికల్ అపెర్చర్ (కాంతిని సేకరించే సామర్థ్యపు కొలత) ఉన్న ఆబ్జెక్టివ్‌తో విడివిడిగా చూడగల కనీస దూరం సుమారు 0.65 మైక్రాన్లు. లోతు దిశలో అది దాదాపు రెండు మైక్రాన్ల వరకు ఉంటుంది. రెండు మూడు మైక్రాన్ల లావున్న ప్రధాన డెండ్రైట్‌ను పట్టుకోవడానికి ఇది చాలు, సన్నని పక్క కొమ్మలకు చాలదు.

పిపెట్‌లో ఏం నింపాలి

కణాన్ని తరువాత చూడడానికి రంగు నింపడం పాత విద్యే. 1968లో ఆంటోనీ స్ట్రెటన్, ఎడ్వర్డ్ క్రావిట్జ్‌లు లాబ్‌స్టర్ నాడీకణాల్లో ప్రోసియన్ ఎల్లో వాడారు. 1978లో వాల్టర్ స్టువార్ట్ లూసిఫర్ ఎల్లో తెచ్చారు. 1988లో హోరికావా, ఆర్మ్‌స్ట్రాంగ్‌లు బయోసైటిన్‌ను ప్రవేశపెట్టిన తరువాత చాలా ప్రయోగశాలలు దానికే మారాయి. బయోసైటిన్ తనంతట తాను కనిపించదు, దానికి తరువాత రంగు పట్టించాలి. అది చిన్న అణువు, సన్నని ఆక్సాన్ కొమ్మల వరకు పాకుతుంది, అవిడిన్ అనే ప్రోటీన్‌కు గట్టిగా అంటుకుంటుంది, ఫార్మాల్డిహైడ్‌తో కణజాలంలో నిలిచి ఉంటుంది.

పొటాషియం గ్లూకోనేట్ ఆధారిత మామూలు పిపెట్ ద్రావణంలో మిల్లీలీటరుకు 2 నుంచి 5 మిల్లీగ్రాముల బయోసైటిన్ కలపండి. ఎక్కువ గాఢతలో అది కరగడానికి మొరాయిస్తుంది కనుక కొన్ని నిమిషాలు ధ్వని తరంగాలతో కదిపే సోనికేటర్‌లో ఉంచి, 0.2 మైక్రాన్ల ఫిల్టర్ గుండా వడపోసి, ఆస్మోలారిటీని (కరిగిన పదార్థాల మొత్తం గాఢతను) మళ్ళీ కొలవాలి. డెండ్రైట్ పిపెట్ మొన చాలా సన్నగా ఉంటుంది కనుక కరగని రేణువు ఒక్కటున్నా మొన మూసుకుపోతుంది. దీనితోపాటు 20 నుంచి 50 మైక్రోమోలార్ అలెక్సా 594 అనే వెలిగే రంగు కలిపితే కణం బతికి ఉండగానే వెలుగులో కొమ్మలను చూడవచ్చు. కాని ఆ వెలుగు కణానికి హాని చేస్తుంది కనుక రికార్డింగ్ పూర్తయిన తరువాత, కొద్ది క్షణాలు మాత్రమే వెలిగించండి.

కణదేహానికి 3 నుంచి 6 మెగాఓమ్‌ల పిపెట్, డెండ్రైట్‌కు 8 నుంచి 14 మెగాఓమ్‌ల పిపెట్ సరిపోతాయి. పైకి కనిపించకపోయినా ప్రతి ప్రయత్నంలోనూ పిపెట్ మొన నుంచి బయోసైటిన్ బయటకు చిమ్ముతూ ఉంటుంది. పాజిటివ్ ప్రెషర్‌తో, అంటే పిపెట్ నుంచి ద్రావణాన్ని బయటకు నెట్టే ఒత్తిడితో, స్లైస్‌లో ఎక్కువ సేపు తిరిగితే ఆ దారి పొడవునా ఉన్న కణాలన్నీ మసకగా రంగు పట్టి, అసలు కణాన్ని కప్పేస్తాయి. స్లైస్ ఉపరితలాన్ని తాకే ముందు మాత్రమే ఒత్తిడి పెంచి, నేరుగా లక్ష్యానికి వెళ్ళి, వెంటనే ఒత్తిడిని వదిలేయండి. విఫలమైన ప్రయత్నాలు కూడా సగం నిండిన కణదేహాలను మిగులుస్తాయి కనుక వాటి చోట్లను కూడా పుస్తకంలో రాయాలి. ఒక స్లైస్‌లో ఒక్క కణాన్నే పట్టుకోవడం మంచిది.

రికార్డింగ్ సమయంలో చోటును రాసుకోవడం

ఈ మొత్తం పనిలో అసలు కీలకం ఇదే కనుక దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

స్లైస్ ఉపరితలానికి 30 నుంచి 60 మైక్రాన్ల లోతులో ఉన్న కణాన్ని ఎంచుకోండి. అంతకంటే పైన ఉన్నవాటి కొమ్మలు కోతలో తెగిపోయి ఉంటాయి, అంతకంటే లోతువి సరిగా కనిపించవు. కణాన్ని పట్టుకునే ముందే దాని ప్రధాన డెండ్రైట్ వెంట ఫోకస్ జరుపుకుంటూ కార్టెక్స్ పైపొర దిశగా వెళ్ళి చూడండి. అది క్రమంగా లోతుకు దిగుతూ ఉంటే పరవాలేదు, ఉపరితలానికి ఎక్కుతూ ఉంటే కొంత దూరంలో తెగిపోయిందని అర్థం. తెగిన డెండ్రైట్ మీద కొలిచిన దూరానికి జీవశాస్త్రపరంగా విలువ తక్కువ.

రెండు పిపెట్‌లూ హోల్ సెల్ దశకు చేరిన తరువాత, ముందుగా కణదేహం అంచులు అతి పెద్దగా కనిపించే ఫోకస్‌కు వెళ్ళి, దాని మధ్య బిందువును సున్నాగా పెట్టండి. కొందరు కణదేహం అంచు నుంచి, కొందరు మధ్య నుంచి దూరం కొలుస్తారు. రెండింటికీ మధ్య తేడా పది మైక్రాన్ల దాకా ఉండవచ్చు కనుక మీరు ఏది వాడారో రాయకపోతే ఆ సంఖ్యను మరొకరు వాడుకోలేరు. అక్కడి నుంచి డెండ్రైట్ వెంట జరుగుతూ, ప్రతి దృశ్యానికీ ముందు దృశ్యంతో మూడో వంతు కలిసేటట్లు ఫోటోలు తీయండి. పక్క కొమ్మ పుట్టే ప్రతి చోట ఆగి, అడ్డం, నిలువు, లోతు మూడు సంఖ్యలూ రాసుకోండి. ఈ కొమ్మలే తరువాత మీకు మైలురాళ్ళు. చివరకు డెండ్రైట్ పిపెట్ మొన కణపొరను తాకే బిందువుకు చేరి, అక్కడ కూడా మూడు సంఖ్యలూ రాసి, పిపెట్ మొన, డెండ్రైట్ రెండూ కనిపించే ఫోటో ఒకటి, ఫోకస్‌ను రెండు మైక్రాన్లు పైకి, కిందికి జరిపి మరో రెండు తీయండి. తరువాత 4 లేదా 5 రెట్ల ఆబ్జెక్టివ్‌తో పిపెట్‌లు, పైపొర అంచు, తెల్ల పదార్థం ఒకే చిత్రంలో వచ్చేటట్లు ఒక ఫోటో తీయాలి, ఆబ్జెక్టివ్ మార్చేటప్పుడు పిపెట్‌లకు తగలకుండా చూసుకోవాలి. ఆ ధైర్యం లేకపోతే ఈ చివరి ఫోటోను రికార్డింగ్ ముగింపుకు వాయిదా వేసుకోండి.

ఇదంతా రికార్డింగ్ మొదట్లో ఒకసారి, చివర్లో మరోసారి చేయాలి. అరగంటలో మానిప్యులేటర్ కొన్ని మైక్రాన్లు జరగడం మామూలే, స్లైస్ కూడా కొద్దిగా ఉబ్బవచ్చు. రెండు కొలతల మధ్య తేడాయే మీ కొలతలోని అనిశ్చితికి నిజాయితీ గల అంచనా.

రికార్డింగ్‌లోనే ఒక విద్యుత్ సాక్ష్యం కూడా దొరుకుతుంది. కణదేహంలో కరెంటు ఇచ్చి ఒక యాక్షన్ పొటెన్షియల్ పుట్టించి, రెండు పిపెట్‌లలో శిఖరాల మధ్య ఆలస్యాన్ని చూడండి. ఈ కణాల ప్రధాన డెండ్రైట్‌లో వెనక్కి పాకే వేగం సుమారు సెకనుకు అర మీటరు, అంటే 300 మైక్రాన్లకు 0.6 మిల్లీసెకన్లు. ఈ ఆలస్యంతో దూరాన్ని లెక్క కట్టకూడదు, ఎందుకంటే ఆ వేగం ఉష్ణోగ్రతతోనూ కణంతోనూ మారుతుంది. కాని మీ పుస్తకంలో 300 అని ఉండి ఆలస్యం 0.1 మిల్లీసెకన్లు మాత్రమే ఉంటే, మీరు పట్టుకున్నది నిజంగా ఆ కణపు డెండ్రైట్ పై భాగమేనా అని సంఖ్యలను మళ్ళీ చూడాల్సిందే.

పిపెట్‌ను వెనక్కి తీయడం

బయోసైటిన్ నిండడానికి కనీసం 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ తరువాత తొందరపడితే కణదేహం పిపెట్‌తోపాటే ఊడి వస్తుంది. వోల్టేజిని స్థిరంగా ఉంచి కరెంటును కొలిచే వోల్టేజ్ క్లాంప్‌లో 5 మిల్లీవోల్ట్‌ల పరీక్షా స్పందనను చూస్తూ, పిపెట్‌ను ఒక్కొక్క మైక్రాన్ చొప్పున వెనక్కి జరపండి. కణపొర విద్యుత్ నిల్వ వల్ల వచ్చే కెపాసిటెన్స్ స్పైకు చిన్నబడి, నిరోధం మెల్లగా గిగాఓమ్‌కు ఎక్కితే కణపొర తనంతట తాను మూసుకుంటోందని, మొన మీద ఔట్‌సైడ్ ఔట్ ప్యాచ్ (బయటి వైపు బయటకే ఉన్న చిన్న కణపొర ముక్క) ఏర్పడిందని అర్థం. పిపెట్‌లను ఒకదాని తరువాత ఒకటిగా ఇలాగే తీసి, స్లైస్‌ను చాంబర్‌లోనే మరో పది పదిహేను నిమిషాలు ఉంచితే రంగు చివరి కొమ్మల దాకా చేరుతుంది.

స్లైస్‌ను ఎత్తే ముందు, ఏ వైపు పైన ఉందో తరువాత తెలిసేటట్లు ఒక మూలను బ్లేడుతో ఏటవాలుగా కోయండి. నేను మొదట్లో ఈ కోత పెట్టకుండా ఒక స్లైస్‌ను తలకిందులుగా పలక మీద పెట్టి, అద్దంలో బొమ్మలా తిరగబడిన కొమ్మలతో పాత ఫోటోలను జత చేయాలని ఒక సాయంత్రమంతా పెనుగులాడాను. కొన్ని కెమెరా ప్రోగ్రాములు కూడా బొమ్మను తిరగేసి చూపిస్తాయి కనుక, ఆ అమరికను కూడా ఒకసారి పరీక్షించి పెట్టుకోవడం మంచిది.

గట్టిపరచడం, రంగు పట్టించడం

వెడల్పాటి మూతి ఉన్న డ్రాపర్‌తో స్లైస్‌ను ముడత పడకుండా ఎత్తి, 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో కలిపిన 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో చదునుగా పరిచి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. ఈ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

తరువాత రెండు దారులు ఉన్నాయి. చోటును తేల్చుకోవడమే మీ లక్ష్యమైతే నేను ఫ్లోరసెన్స్ దారినే సిఫారసు చేస్తాను. స్లైస్‌ను బఫర్‌తో పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి, 0.3 నుంచి 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 (కణపొరల గుండా దారి చేసే డిటర్జెంట్) ఉన్న బఫర్‌లో స్ట్రెప్టావిడిన్ అలెక్సా 488ను (బయోసైటిన్‌ను పట్టుకునే ప్రోటీన్‌కు వెలిగే రంగు అతికినది) 500 లేదా 1000 వంతుల్లో ఒక వంతుగా కలిపి, చీకట్లో 4 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచి, మళ్ళీ కడగాలి. పిపెట్‌లో అలెక్సా 594 వాడి ఉంటే ఈ 488 దానితో కలిసిపోదు. రెండో దారి ఏబీసీ కిట్ (బయోసైటిన్‌కు అంటుకునే అవిడిన్, పెరాక్సిడేజ్ ఎంజైముల జోడు), డీఏబీ (ఆ ఎంజైము చర్యతో రంగు తేలే పదార్థం)లతో నల్లని శాశ్వత రంగు పట్టించడం. ముందు 1 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కణజాలంలోని సొంత పెరాక్సిడేజ్‌ను అణచి, రాత్రంతా ఏబీసీలో ఉంచి, మరునాడు డీఏబీలో సూక్ష్మదర్శిని కింద చూస్తూ, డెండ్రైట్ నల్లబడగానే బఫర్‌లోకి మార్చాలి. మన వేసవిలో ఏసీ లేని గదిలో ఈ చర్య పుస్తకంలో రాసినదానికంటే త్వరగా సాగుతుంది కనుక గడియారాన్ని కాక కణాన్నే చూడండి. డీఏబీ క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్న పదార్థం కనుక చేతి తొడుగులు తప్పనిసరి, వాడిన ద్రావణాన్ని సింకులో పోయకూడదు.

ఏ దారిలోనైనా అంతిమంగా చోటును పాడుచేసేది కుంచించుకుపోవడం. ఆల్కహాల్‌తో నీటిని లాగేసి రెసిన్‌లో బిగిస్తే స్లైస్ అడ్డంగా కొంత, మందంలో మరీ ఎక్కువగా కుంచించుకుంటుంది. అందువల్ల నీటి ఆధారిత మౌంటింగ్ మీడియం వాడి, కవర్ గ్లాస్ బరువు స్లైస్‌ను నొక్కకుండా చుట్టూ స్పేసర్ పెట్టండి. కోత పెట్టిన మూలను చూసి, రికార్డింగ్ జరిగిన వైపు పైకి వచ్చేటట్లు అమర్చండి.

రెండు ఆధారాలను జత చేయడం

ఒక్కో లోతును విడిగా చిత్రించే కన్ఫోకల్ సూక్ష్మదర్శినిలో ముందు 20 రెట్ల ఆబ్జెక్టివ్‌తో కణమంతా, తరువాత 60 రెట్ల నూనె ఆబ్జెక్టివ్‌తో రికార్డింగ్ చోటు చుట్టుపక్కల 0.5 మైక్రాన్ల అంతరంతో పొరలు పొరలుగా తీయండి. 20 రెట్లది గాలి ఆబ్జెక్టివ్ అయితే ఒక జాగ్రత్త అవసరం. మౌంటింగ్ మీడియం వక్రీభవన సూచిక (కాంతిని వంచే కొలత) 1.5 దగ్గర ఉన్నప్పుడు, ఆబ్జెక్టివ్ 20 మైక్రాన్లు కదిలితే ఫోకస్ నిజానికి సుమారు 30 మైక్రాన్లు కదులుతుంది. దీన్ని సరిచేయకుండా లోతు రాస్తే మూడో వంతు పోయినట్లే.

ఫిజీ అనే చిత్ర విశ్లేషణ ప్రోగ్రాములోని ఎస్ఎన్‌టీ వంటి ఉపకరణంతో కణదేహం మధ్య నుంచి ప్రధాన డెండ్రైట్‌ను గీసి, కొమ్మలు పుట్టే ప్రతి చోటును గుర్తు పెట్టండి. ఇప్పుడు బతికి ఉన్నప్పటి ఫోటోలను పక్కన పెట్టుకుని కొమ్మల వరుసను సరిపోల్చండి. ఒకటి రెండు మైలురాళ్ళు సరిపోతే చాలదు, కనీసం మూడు సరిపోవాలి. పిపెట్ పట్టిన చోట డెండ్రైట్ కొద్దిగా ఉబ్బి గాని, వంగి గాని కనిపించవచ్చు. అది ఉంటే సంతోషం, కాని దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి, ఎందుకంటే కణం ఒత్తిడికి లోనైనప్పుడు అలాంటి ఉబ్బులు వేరే చోట్ల కూడా వస్తాయి.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూపుతాను. బతికి ఉన్నప్పుడు కణదేహం నుంచి రికార్డింగ్ చోటు అడ్డంగా 18, నిలువుగా 306, లోతులో 13 మైక్రాన్ల తేడాలో ఉందనుకుందాం. ఈ మూడింటి వర్గాల మొత్తానికి వర్గమూలం 307 మైక్రాన్లు, ఇది సూటి దూరం. బతికి ఉన్నప్పుడు కణదేహం నుంచి మొదటి పక్క కొమ్మకు 120 మైక్రాన్లు, రంగు వేసిన తరువాత అదే దూరం 108. అంటే కొలతలు 0.9 వంతుకు కుంచించుకున్నాయి, ఇదే కుంచింపు గుణకం. రంగు వేసిన కణంలో డెండ్రైట్ వంపుల వెంట రికార్డింగ్ చోటుకు 283 మైక్రాన్లు వస్తే, 0.9తో భాగించి 314 అని రాయాలి. కరెంటు కొమ్మ వెంటే ప్రయాణిస్తుంది కనుక మీకు కావలసింది సూటి దూరం 307 కాదు, కొమ్మ వెంట దూరం 314. ఇక సూటి దూరం కంటే కొమ్మ వెంట దూరం తక్కువగా వస్తే, ఎక్కడో కొమ్మను తప్పుగా గుర్తించారేమో, కొలతలోనో గుణకంలోనో తప్పు ఉందేమో వెతకాలి.

అనిశ్చితిని కూడా ఇలాగే కట్టండి. కుంచింపు అంచనాలో 2 శాతం తప్పు అంటే 6 మైక్రాన్లు, పిపెట్ జరగడం 3, మొనను గుర్తించడంలో 2. వీటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 7 వస్తుంది, కనుక 314 పక్కన ప్లస్ ఆర్ మైనస్ 7 అని రాయాలి. అడ్డం దిశకూ లోతు దిశకూ కుంచింపు ఒకటి కాదు కనుక, డెండ్రైట్ బాగా ఏటవాలుగా దిగే కణాల్లో రెండు దిశలకూ వేర్వేరు గుణకాలు వాడాలి.

కణం బయట ఉంచే లోహ ఎలక్ట్రోడ్‌తో పని చేసేవారికి చిక్కు సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఎలక్ట్రోడ్‌కు పూసిన డీఐఐ అనే వెలిగే రంగు గాని, మొన దగ్గర కొద్దిపాటి కరెంటుతో చేసిన చిన్న కాలిన గుర్తు గాని చోటును చూపిస్తాయి, కాని అక్కడి కణాల్లో ఏది సంకేతమిచ్చిందో చెప్పవు. దృష్టిని అధ్యయనం చేసిన శాస్త్రవేత్తలు హ్యూబెల్, వీసెల్‌లు పిల్లి దృష్టి కార్టెక్స్‌లో ఎలక్ట్రోడ్ దారిని తిరిగి గీసింది ఇలాంటి కాలిన గుర్తుల ఆధారంగానే. అక్కడ కూడా కనీసం రెండు గుర్తులు, వాటి మధ్య తెలిసిన దూరం ఉంటేనే కుంచింపును సరిచేయడం కుదురుతుంది.

చివరగా, గీసిన కణాన్ని ఆకారాన్ని బిందువుల జాబితాగా ఉంచే ఎస్‌డబ్ల్యూసీ ఫైలుగా దాచండి. అందులో ప్రతి బిందువుకూ సంఖ్య, రకం, మూడు కొలతలు, వ్యాసార్ధం, తల్లి బిందువు సంఖ్య అనే ఏడు గడులుంటాయి. రికార్డింగ్ చోటుకు దగ్గరి బిందువు సంఖ్యను రికార్డింగ్ ఫైలు పేరు పక్కనే పుస్తకంలో రాయండి, సున్నా ఎక్కడ పెట్టారో, గుణకం ఎంత వాడారో కూడా అదే వరుసలో ఉండాలి. బతికి ఉన్నప్పటి ఫోటోలను మాత్రం రంగు ఫలితం వచ్చే దాకా ఆపకుండా, రికార్డు చేసిన రోజునే అతికించి, కొమ్మలకు అంకెలు వేసి పెట్టండి, ఎందుకంటే రంగు పట్టి కణం చేతికి వచ్చేసరికి కనీసం రెండు మూడు రోజులు గడిచి, ఆ మధ్యలో మీరు మరికొన్ని కణాలను పట్టుకుని ఉంటారు.